నీడల లెక్క

బాపట్ల జిల్లా ఇంకొల్లు మండలమున పావులూరు అను గ్రామము కలదు. 1970కి పూర్వము అది గుంటూరు జిల్లాలోను, తరువాత 2022 వరకు ప్రకాశం జిల్లాలోను ఉండెను. ఆ సీమ పేరు వినగానే మనకు నల్లరేగడియు, ప్రత్తియు, మిరపయు స్ఫురించును గాని గణితము స్ఫురింపదు. అయినను తెనుగున తొలి గణితగ్రంథము రచించిన కవి ఇంటిపేరు ఈ ఊరిదే. పావులూరి మల్లన 11వ శతాబ్దివాడనియు, రాజరాజనరేంద్రుని కాలమువాడనియు పెక్కురు పండితుల మతము. తరువాతివాడన్నవారును లేకపోలేదు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున వ్రాసిన గణితసారసంగ్రహమును మల్లన పద్యములలో తెనిగించెను. మూలకర్త జైనుడు, మల్లన శైవుడు. కనుక లెక్కలలోని జినపూజలు తెనుగున శివపూజలైనవి. లెక్క మాత్రము మారలేదు!

ఆ మూలగ్రంథపు కడపటి ప్రకరణమునకు ఛాయావ్యవహారమని పేరు. అనగా నీడల లెక్క. మేమిచ్చట ముచ్చటింపదలచినది దానినిగూర్చియే.

చేనిగట్టున ఒక తాడిచెట్టున్నదనుకొందము. దాని ప్రక్క మూడడుగుల కర్రను నిలువుగా పాతితిమి. కర్ర నీడ రెండడుగులు, అదే వేళకు చెట్టు నీడ ఇరువదియెనిమిది అడుగులు. చెట్టు ఎత్తు నలువదిరెండడుగులని ఎక్కకుండనే చెప్పవచ్చును. ఇది ఎట్లు పొసగినది? సూర్యుడు మిక్కిలి దూరమున నుండుటచే కర్ర కొసను, చెట్టు కొసను తాకి వచ్చు కిరణములు సమాంతరములు. నేల ఆ రెంటిని ఖండించు తిర్యగ్రేఖ. సమాంతరరేఖలను తిర్యగ్రేఖ ఖండించినపుడు అనురూప కోణములు సమానములు. కావున రెండు త్రిభుజముల ఆకారమును ఒకటే.

బడిపిల్లలు నేడు చదువు సమాధానమిది. మహావీరుని గ్రంథమున నున్నది వేరు. అచట కోణముల ప్రసక్తి లేదు, ఉన్నది త్రైరాశికము. ఇంత నీడకు ఇంత ఎత్తైన, అంత నీడకు ఎంత? మన క్షేత్రగణితము భుజమును భుజముతో పోల్చినది. జ్యోతిష్కులు చాపమును, జ్యను లెక్కించిరి. సమాంతరరేఖల కోణములను సిద్ధాంతములుగా నిరూపించినది గ్రీకుదేశపు యూక్లిడ్. క్రీస్తుకు పూర్వము సుమారు 300లో అతడు రచించిన గ్రంథపు మొదటి భాగమున 27 మొదలు 29 వరకు గల ప్రతిపాదనలు ఇవియే. అది అరబ్బీ ద్వారమున సంస్కృతమునకు వచ్చుటకు 18వ శతాబ్ది కావలసివచ్చెను. జయపుర ప్రభువు సవాయి జయసింహుని ఆస్థానమున జగన్నాథ సమ్రాట్టు రేఖాగణితమను పేర దానిని రచించెను.

దీనినిబట్టి సర్వమును మనవారికి ముందే తెలియునని గర్వించుట సరికాదు. వారిది వట్టి మోటలెక్క యని తీసివేయుటయు మాకు సమ్మతము కాదు. పలభను చూడుడు. రాత్రింబవళ్లు సమానమైన దినమున మధ్యాహ్నవేళ పన్నెండంగుళముల శంకువు వేయు నీడకు పలభయని పేరు. ఒక ఊరి అక్షాంశమును పంచాంగకర్తలు దీనినుండియే సాధించిరి. ఇందును సమాంతరకిరణములే పనిచేయును. ఒక కిరణము శంకువు కొసను తాకును. దానికి సమాంతరముగా భూకేంద్రమువరకు మరియొక రేఖను ఊహింపుడు. శంకువును నేలలోనికి కేంద్రమువరకు పొడిగించినచో అదియే తిర్యగ్రేఖ. శంకువు కొసవద్ది కోణమును, కేంద్రమువద్ది అక్షాంశకోణమును ఏకాంతర కోణములు, కావున సమానములు. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో ఎరటోస్తనీస్ అలెగ్జాండ్రియాలో ఇట్టి కోణమునే కొలిచి, అది పూర్ణవృత్తమున 50వ వంతని గ్రహించి, భూమి చుట్టుకొలతను గణించెను. అతడు కోణమును ముందుంచినాడు, మనవారు నీడ పొడవును ముందుంచిరి.

గుంటూరు అక్షాంశము సుమారు 16 డిగ్రీల 18 నిమిషములు. లెక్క ప్రకారమచట పలభ మూడున్నర అంగుళములు. పరీక్షింపగోరు పాఠకులు రేడియోలో వేళ చెప్పునపుడు గడియారమును సరిచేసికొని, మార్చి 21వ తేదీ నాడు 12 గంటల 16 నిమిషములకు, సెప్టెంబరు 23న అయినచో సరిగా 12 గంటలు దాటిన వెంటనే, పన్నెండంగుళముల పుల్లను మట్టసమైన నేలపై నిట్టనిలువుగా నిలిపి నీడను కొలువవలెను. మిరపకాయలు ఆరబోయు కల్లము ఇందుకు మిక్కిలి అనువైన చోటు. పుల్ల ఏమాత్రము ఒరిగినను లెక్క తప్పును. నూలుకు రాయి కట్టి వ్రేలాడదీసి సరిచూచుకొనుడు.