గొంతు దించితేనే బేరం

తెల్లారడానికి ఇంకా టైముంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో లైట్ల కింద నేలంతా తడి. మరబోట్ల ఇంజన్లు, ఐసు పగలగొట్టే చప్పుడు, సిమెంటు మీద ట్రేలు ఈడ్చే రాపిడి, కాకుల గోల. అవతల యారాడ కొండ ఇంకా చీకట్లోనే ఉంది. ఇంత మోతలో ఒక్క మనిషి గొంతును పట్టుకోవాలి. మోతకు అడుగున వెతక్కండి, పైన వెతకండి.

అదిగో. "పన్నెండొందలో... పన్నెండొందలో... పన్నెండేబయ్యో..."

జనాన్ని తప్పించుకుని దగ్గరికి వెళ్లాలి. ఆడవాళ్లు వలయంగా నిలబడ్డారు, ఎక్కువమంది పెద జలారిపేట వైపు నుంచి వచ్చినవాళ్లే. మధ్యలో వేలం పెట్టే మనిషి. గళ్ల లుంగీ, మెడలో తువ్వాలు, ముందు పన్ను ఒకటి లేదు. కంచుకంఠం అనుకుని వచ్చినవాళ్లకి నిరాశే. గొంతు పల్చన, అంచుల్లో జీర, ఎండిన తాటాకు మీద గోరు గీసినట్టు. మామూలుగా అయితే నాలుగడుగుల దూరంలో వినపడని గొంతు అది. ఇక్కడ మాత్రం జెట్టీ చివర బోటు దిగుతున్నవాడు కూడా తలతిప్పి చూస్తున్నాడు.

ఎలాగో వినండి. అంకె మొదట్లో ఉన్న హల్లుల్ని మింగేస్తాడు. 'పన్నెం' సగమే బయటికొస్తుంది. చివర్లో ఒక 'ఓ' తగిలించి, మరొకరు పాట పెంచేదాకా దాన్ని గాల్లో పట్టుకుంటాడు. ఇంజను మోతలో ముందు చచ్చేవి హల్లులే, దూరం పోయేది అచ్చు. ఇంజనుది బొంగురు మోత కాబట్టి బొంగురు గొంతైతే అందులో కలిసిపోతుంది. అందుకే తన స్థాయిని ఇంజన్ల మీదికి ఎత్తుతాడు. ఎవరూ నేర్పలేదు. ఎటియన్ లోంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు, చెవుల్లో మోత నింపితే మనిషి తనకు తెలియకుండానే గొంతు హెచ్చిస్తాడని, మోత ఆగగానే గొంతు దిగిపోతుందని. తరవాతివాళ్లు కొలిచి చూస్తే స్థాయి పెరగడం, అచ్చులు సాగడం కూడా తేలింది. ఆ వైద్యుడు ఈ హార్బరుకొచ్చి ఉంటే పరికరాలు అక్కర్లేకపోయేవి.

"సూడండప్పా, రేతిరి ఏసిన వల. ఐసు ఎట్టనేదు. కానాగంత కన్ను సూడు, ఎలా ఉందో!"

'చ' అనేది ఇతని నోట 'స'. పన్ను లేని సందులోంచి ఆ 'స' చిన్న ఈల వేసి మరీ బయటపడుతుంది. లేదు అనడు, 'నేదు' అంటాడు. పెద్దావిడను 'అప్పా' అంటాడు, వరసైన ఆవిడను 'వొదినా' అంటాడు, బేరానికి మొరాయించేవాళ్లను 'ఓలమ్మో' అంటాడు. వాక్యం చివర గొంతు కిందికి పోకుండా కొంచెం పైకి లేస్తుంది, ఆజ్ఞ కూడా ప్రశ్నలాగే వినపడుతుంది. మన సినిమాలు ఈ పలుకుబడిని ఎన్నేళ్లుగానో పనిమనిషికీ, తింగరి తమ్ముడికీ అద్దెకిచ్చి నవ్వించాయి. ఇదే నేలమీద వకీలుగా బతికిన రచయిత రాచకొండ విశ్వనాథశాస్త్రి మాత్రం ఈ మాటల్లో ఉన్న ఎత్తుపొడుపునీ, ఏడుపునీ కలిపే విన్నాడు. నన్నడిగితే, ఈ యాసను ఎగతాళి చేసేవాళ్లు ఒక్కసారి ఇక్కడికొచ్చి కోనెం చేపకు బేరమాడి చూడాలి.

ఫోను మోగింది. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని పక్కకు తిరిగాడు. "చెప్పండి సార్. చందువ రెండు ట్రేలు ఉన్నాయండి. అలాగేనండి." ఆ 'చెప్పండి' విన్నారా? శుభ్రమైన 'చ'. జీర ఎక్కడో దాక్కుంది, వాక్యం చివర బుద్ధిగా కిందికి దిగింది. ఫోను లుంగీలో దోపుకుని ఇటు తిరిగేసరికి మళ్లీ ఈల.

మరి ఈ గొంతు అరిగిపోదా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఆ 61 రోజులే దానికి సెలవు. మిగతా కాలమంతా గొంతు నొప్పెడితే టీ తాగుతాడు, అంతే.

ఇప్పుడు అసలైనది వస్తోంది. "ఒకటోసారీ" అన్నాడు, ఎత్తూ పల్లం లేకుండా. "రెండోసారీ" పైకి ఎక్కి అక్కడే ఆగింది. చుట్టూ చూపు తిప్పాడు. మూడోసారి అన్నప్పుడు చివరి 'రి' కిందికి దిగాలి. దిగిందా, చేప చేతులు మారినట్టే. కాగితం, సంతకం ఏమీ ఉండవు. గుమాస్తా పుస్తకంలో రాసుకునేది ఆ తరవాతే.

"మూడోసా..."

సరిగ్గా అప్పుడే ఐసు లారీ హారను కొట్టింది. ఒకావిడ ట్రే మీద చెయ్యి వేసేసింది.

"అయిపోయింది బావా, దించీసినావు!"

"ఎక్కడ దించినాడు? 'రీ' ఇంకా పైనే ఉంది. నా పాట పద్నాలుగొందలు!" ఇంకొకావిడ.

వలయం రెండుగా చీలింది. ఒకామె అతని గొంతు పెట్టి "మూడోసారీ" అని పైకి అంటుంది. పక్కామె అదే మాట కిందికి దించి చూపిస్తుంది. అచ్చు అతని జీరతో సహా, ఈలతో సహా. తన గొంతు ఇంతమంది నోట వింటూ అతను కాసేపు నవ్వాపుకున్నాడు. తరవాత చెయ్యెత్తాడు.

"హారనుకి ఆగినాను గానీ దించనేదు. పద్నాలుగొందలో... పద్నాలుగొందలో..."

మొదటావిడ ట్రే మీదనుంచి చెయ్యి తీయలేదు. "పద్నాలుగేబై" అంది, పళ్ల బిగువున. అవతలావిడ మూతి తిప్పుకుంది, పాట పెంచలేదు. ఈసారి మూడోసారి చాలా నిదానంగా, మెట్టు మెట్టుగా, అందరికీ వినపడేలా కిందికి దిగింది.

ఆవిడ ట్రే నెత్తికెత్తుకుంటూ అంది: "ఆ పన్ను కట్టించుకో బావా. మాట తిన్నగా ఇనబడతాది, నాకు రెండొందలు మిగులుతాది."