1823కు పూర్వం మీ తాతలెక్కడ?

బర్మాలో తెలుగువారిని కోరంగీలు అనేవారు. కాకినాడ దాపున ఉన్న కోరంగి రేవులో ఓడనెక్కి వెళ్ళినవారు గనుక ఆ పేరు. రంగూను రేవులో మూటలు మోసినవారిలో మనవారెందరో!

1948లో స్వతంత్రం వచ్చినప్పుడు ఆ దేశం వీరికి తలుపు తెరిచే ఉంచింది. బ్రిటిషు ఏలుబడిలోని నేలపై పుట్టి, 1942కు గాని 1948కి గాని ముందరి పదేళ్ళలో ఎనిమిదేళ్ళు అక్కడ నివసించినవారు పౌరసత్వం కోరుకోవచ్చు. అందరూ కోరుకోలేదు. కోరినవారందరికీ జవాబూ రాలేదు. 1964లో నెవిన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది. వేలాది కుటుంబాలు తిరిగివచ్చాయి. విశాఖలోని బర్మా క్యాంపు అట్లా ఏర్పడినదే.

మిగిలినవారిపై 1982 చట్టం వచ్చిపడింది. 1823కు పూర్వం నుండి ఆ గడ్డపై స్థిరపడిన జాతులవారే పుట్టుకతో పౌరులట! ఆ ఏడే ఎందుకు? 1824లో ఆంగ్లేయులతో మొదటి యుద్ధం. ఆ తర్వాత దిగినవాడు, కూలివాడైనా సరే, తెల్లదొర వెంట వచ్చినవాడే అన్నమాట. అదేమి న్యాయమో నాకు బోధపడదు.

అప్పటికే పౌరులైనవారి హక్కు నిలిచింది. పాత దరఖాస్తుకు తీర్పు రానివారికి దక్కినది 'సహపౌరుడు' అనే మెట్టు. దాని కింద మరొక మెట్టు. పుట్టుకతో వచ్చిన పౌరసత్వాన్ని ప్రభుత్వం రద్దు చేయరాదు. దేశాన్ని శాశ్వతంగా విడిచినా, పరదేశపు పౌరసత్వం పుచ్చుకున్నా అదే పోతుంది. ఇచ్చిన పౌరసత్వాన్ని మాత్రం విధేయత లేదని కూడా ఊడబెరకవచ్చు. మనుమల తరానికి పూర్తి పౌరసత్వం లభించే వీలుంది. అయితే తాతల కాగితాలు చూపవలసిందే.