ఉయ్యాల పక్కన చాట

"ఇంట్లో కూచుని చేసుకునే పని ఏదైనా ఉంటే చెప్పండి ఆంటీ!" ఈ మధ్య మా వీధిలో పసిబిడ్డ తల్లులందరిదీ ఇదే మాట. నవలలు రాసుకునేదాన్ని కాబట్టి ఆ రహస్యమేదో నాకు తెలుసని వాళ్ళ నమ్మకం. రాయడం ఇంట్లో కూచుని చేసే పనేననుకోండి, కాని పిల్లాడు నిద్రపోతేనే సాగే పని. ఆ సంగతి వాళ్ళకెలా చెప్పను?

కంప్యూటర్లొచ్చాక పుట్టిన కోరిక ఇదని చాలామంది అనుకుంటారు. కాదు. బిడ్డను పక్కలో వేసుకుని నాలుగు డబ్బులు సంపాదించుకునే ఏర్పాటు మన తెలంగాణా పల్లెల్లో ఎన్నో ఏళ్ళుగా ఉంది. కాకపోతే దానికి ఇంగ్లీషు పేరు లేదు. ఒళ్ళో ఒక చాట, చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారపు ఉండ. అంతే!

మా పెద్దమ్మగారి కోడలిది తాడ్వాయి. తాడ్వాయి అనగానే మీరు మేడారం జాతర గుర్తు చేసుకుంటారేమో! అది ములుగు వైపు తాడ్వాయి, అడవుల్లో తునికాకు కోసే చోటు. నేను చెప్పేది కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ మధ్యనున్న తాడ్వాయి. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడక ముందు నిజామాబాదు జిల్లాలో ఉండేది. ఒకచోట ఆకు కోస్తారు, ఇంకోచోట చుడతారు. పేరొక్కటే, బతుకులు వేరు.

ఓ పెళ్ళికని ఆ ఊరు వెళ్ళినప్పుడు పక్కింటి అరుగు మీద ఒక బాలింత కనబడింది. చీర ఉయ్యాలలో నాలుగు నెలల పిల్ల. కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు కట్టుకుని ఊపుతోంది, చేతులు మాత్రం బీడీలు చుడుతున్నాయి. కళ్ళు ఉయ్యాల మీదా లేవు, చాట మీదా లేవు, నా మీదున్నాయి! చూడకుండానే చుట్టేయగలదు. "ఇంట్ల కూసోని చేసే పనే గద అంటరమ్మా అందరు. పొల్ల పంటే చేస్తం, లేస్తే లేస్తం. వెయ్యి కాంగనే పొద్దుగూకుతది" అంది.

ఆ వెయ్యి సంగతి చూడండి. రాత్రే ఆకు నీళ్ళలో తడిపి, తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. పొద్దున్నే రేకు అచ్చు పెట్టి కత్తిరించాలి. చిటికెడు తంబాకు పోసి చుట్టి, మూతి మడిచి, దారం కట్టాలి. ఇరవై అయిదు బీడీలైతే ఒక కట్ట. నలభై కట్టలయితే వెయ్యి. చేయి తిరిగిన మనిషికి కూడా పూట గడిచిపోయే పని. తర్వాత కార్ఖానాకు మోసుకెళ్ళాలి. అక్కడ లెక్కచూసే ఆయన వదులుగా ఉన్నాయనీ ఆకు బాగాలేదనీ కొన్ని ఏరి పక్కన పడేస్తాడు. వాటికి కూలి ఉండదు. ఆకు తక్కువిచ్చి బీడీలు మాత్రం లెక్కప్రకారం తెమ్మంటే, తక్కువపడిన ఆకు తనే కొని తేవాలి. ఇదంతా "తీరిక వేళల్లో" చేసే పనిట!

అసలు బీడీ ఇంట్లోకెలా వచ్చిందో తెలుసా? తల్లులకు వీలుగా ఉంటుందని ఏ షావుకారూ ఆలోచించలేదు. ఫ్యాక్టరీ అంటే పనిగంటలుండాలి, గాలి వెలుతురు ఉండాలి, సెలవులుండాలి. 1948 ఫ్యాక్టరీల చట్టం ఇవన్నీ అడిగింది. పదిమంది ఒకచోట చేరి చుడితే ఇన్ని పేచీలు. అదే ఆకూ తంబాకూ తూచి ఇంటికి పంపిస్తే అద్దె లేదు, దీపం ఖర్చు లేదు, సంఘం భయమూ అంతగా ఉండదు. గదీ చాపా ఆమెవే, దీపమూ ఆమెదే, బిడ్డ ఏడుపూ ఆమెదే!

ఇది మన ఊరి తెలివి మాత్రమే కాదండోయ్. నూట నలభై ఏళ్ళ క్రితం న్యూయార్కులో ఇరుకు గదుల్లో కాపురముండే వలస కుటుంబాలు ఆ గదుల్లోనే చుట్టలు చుట్టేవి. పొగాకు పక్కనే వంట, పక్కనే పసిబిడ్డలు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ అప్పుడు కుర్రశాసనసభ్యుడు. ఆ గదులు స్వయంగా చూసి అదిరిపోయాడు. అటువంటి ఇళ్ళలో చుట్టల తయారీని నిషేధిస్తూ 1884లో చట్టం చేస్తే, 1885లో అక్కడి కోర్టు కొట్టేసింది. మనిషిని పవిత్రమైన తన ఇంట్లోంచి బయటికి నెడితే ఆరోగ్యం ఎలా బాగుపడుతుందని న్యాయమూర్తులకు సందేహం వచ్చింది. పాపం, ఆ ఇంట్లో వాళ్ళొక పూట కూచుని చూసినట్టు లేదు.

మన దేశం కోర్టులే ఈ విషయంలో కాస్త నయమనాలి. 1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. ఇంట్లో కూచుని చుట్టే ఆమె కూడా కార్మికురాలేనని అందులో రాశారు. 1961 నాటి ప్రసూతి చట్టం ఆమెకూ వర్తిస్తుందన్నారు. పన్నెండు వారాలు కూలి నష్టపోకుండా బిడ్డతో ఉండొచ్చన్నమాట! ఈ మాట చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో. కాని ఆ కింది వాక్యాలు కూడా చదవాలి కదా. ఇంటి దగ్గర చేసే ఆమెకు మాత్రం రెండు సెక్షన్లు తీసేశారు. ఒకటి కాన్పు ఖర్చులకిచ్చే వైద్య బోనసు. రెండోది కాన్పు మూలాన జబ్బుచేస్తే ఇచ్చే అదనపు నెల సెలవు. అలాగే యాభై మందికి మించి ఆడవాళ్ళు పనిచేసే బీడీ కార్ఖానాలో పిల్లల్ని చూసే గది ఉండాలన్నారు. ఇంట్లో చేసే ఆమెకు ఆ గది ఎందుకు, ఉయ్యాల ఉందిగా!

యజమానులు ఊరుకున్నారా? చట్టం చెల్లదని కోర్టుకెక్కారు. 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. తర్వాత ప్రావిడెంటు ఫండు పేచీ. ఇంట్లో చుట్టేవాళ్ళు మా నౌకర్లే కారు పొమ్మన్నారు. 1985లో సుప్రీంకోర్టు అదీ కాదంది. బాగోలేని బీడీని తిరగ్గొట్టే అధికారం నీకున్నప్పుడు ఆమె పని నీ అదుపులో ఉన్నట్టే కదా అన్నది కోర్టు తర్కం. నాకు బలే నచ్చింది. ఏ చేత్తో ఏరి పారేశాడో ఆ చెయ్యే అతన్ని యజమానిగా పట్టిచ్చింది!

అయితే హక్కు రావాలంటే పుస్తకంలో పేరుండాలి. చిక్కంతా అక్కడే. అత్తగారి పేరు మీదున్న కార్డుకు కోడలు చుడుతుంది, అక్క కార్డుకు చెల్లెలు చుడుతుంది. ప్రసూతి భత్యానికి మొదట్లో నూట అరవై రోజుల పని చూపించాలనేవారు, 1988 సవరణతో ఎనభై అయింది. అత్తగారి పుస్తకంలో ఉన్న రోజుల్ని కోడలి కాన్పుకి ఎవరు లెక్కేస్తారు? తాడ్వాయి అరుగు మీద ఆ అమ్మాయిని అడిగితే, "కార్డు మా అత్తదమ్మా" అని నవ్వింది. కాన్పయిన ఇరవయ్యో రోజుకే చాట పట్టుకుందిట. ఆ పక్కల పెళ్ళిచూపుల్లో పిల్లకి బీడీలు చేయడం వచ్చా, కార్డుందా అని అడగడం మామూలు. మనవైపు సంగీతం వచ్చా అన్నట్టు!

నరసాపురం లేసు తెలుసుగా మీకు? గోదావరి ఒడ్డున క్రోషె సూదితో అల్లే ఆ లేసు విదేశాలకు వెళుతుంది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ అక్కడ ఉండి, ఆ అల్లే స్త్రీల మీద 1982లో ఒక పుస్తకం అచ్చువేసింది. రోజంతా అల్లుతున్నా వాళ్ళని గృహిణులే అంటారనీ, పని అనక "తీరిక" అనేసరికి కూలి పడిపోతుందనీ తేల్చింది. తాడ్వాయి అరుగుకీ నరసాపురం వసారాకీ ఎంతెంత దూరం! మాట మాత్రం ఒక్కటే. అహమ్మదాబాదులో ఇలాబెన్ భట్ 1972లో పెట్టిన సేవ సంఘం ఇటువంటి స్త్రీలనే పోగుచేసి చివరికి ప్రపంచ కార్మిక సంస్థ దాకా వెళ్ళింది. ఇంటిపని కార్మికుల ఒడంబడిక 1996లో వచ్చింది. దాన్ని ఆమోదించిన దేశాలు ఈనాటికీ కొద్దే, మనదేశం వాటిలో లేదు.

ఒళ్ళు సంగతి చెప్పకపోతే నాకు తోచదు. బీడీ ఒక్కటి నోట పెట్టని ఆడవాళ్ళ ఒంట్లో కూడా నికోటిను ఆనవాళ్ళు కనబడ్డాయని వైద్యులు పరీక్షించి చెప్పారు. చేతులనిండా తంబాకు పొడి. అదే చేత్తో పిల్లకు పాలిస్తారు. కడుక్కునేవాళ్ళు కడుక్కుంటారు, ఏడుపు ఎక్కువైతే ఆగదు కదా. మెడా నడుమూ సంగతి అడగనే అక్కర్లేదు.

2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి ఇరవై ఆరు వారాల సెలవిచ్చారు. సెలవయ్యాక పని స్వభావాన్ని బట్టి యజమాని ఒప్పుకుంటే ఇంటినుంచి చేయొచ్చనీ రాశారు. మా వీధి పిల్లలు అడిగేది ఈ వాక్యమే. ఆ ఏడాదే జులైలో జీఎస్టీ వచ్చి, 1976 నుంచి బీడీ కార్మికుల వైద్యానికీ పిల్లల చదువుకీ వసూలు చేస్తున్న సెస్సు ఆగిపోయింది. 2025 నవంబరులో కొత్త లేబరు కోడ్లు అమల్లోకొచ్చి, 1966 చట్టమూ 1961 చట్టమూ వాటిలో కలిసిపోయాయి.

బీడీ కూడా తగ్గుతోంది. తాడ్వాయిలో ఆ అమ్మాయి వయసువాళ్ళు కొందరు చాట పట్టమని కామారెడ్డి బట్టలకొట్లకు వెళుతున్నారు. బిడ్డ అత్తగారి దగ్గర. ఆ అత్తగారికి తెలంగాణా ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన బీడీ పింఛను వస్తోంది. మొదట వెయ్యి రూపాయలు, 2019 జూన్ నుంచి 2,016. మనవరాలి ఉయ్యాల ఊపుతూ ఆవిడ ఇంకా చుడుతూనే ఉంది. కార్డు ఆవిడ పేరు మీదే ఉందిగా.