సుంకం ఎత్తివేత ఎవరికోసం?

దిగుమతులకు తలుపులు తెరిస్తే ఎగుమతి పరిశ్రమ బతుకుతుందా, చస్తుందా? వచ్చే సరుకేదో చూడకుండా జవాబు చెప్పలేమంటాను.

1813లో ఈస్టిండియా కంపెనీ వ్యాపార గుత్తాధికారం రద్దయ్యాక లాంకషైర్ మిల్లుగుడ్డ వెల్లువెత్తింది. మన గుడ్డకు మాత్రం బ్రిటన్‌లో భారీ సుంకాలు. మచిలీపట్నం రేవు నుంచి దేశదేశాలకు అద్దకం గుడ్డలు పంపిన కోస్తా చేనేత క్రమంగా చితికిపోయింది. గుడ్డ అమ్మిన దేశం దూది అమ్ముకునే దేశమైంది.

2025లో వచ్చింది గుడ్డ కాదు, దూది. అమెరికా మన సరుకుపై 50 శాతం సుంకం వేసిన ఆగస్టులోనే కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించింది. ఎగుమతి మిల్లుకు చవక దూది ఊరటే. కాని మా పలనాడులో, మాచర్ల, గురజాల చేలల్లో, అవి పత్తి తీతల రోజులు.

ఆనాడు నేతగాడు, ఈనాడు పత్తి రైతు. వీరి పద్దు రాయని ఎగుమతి లెక్క దేశం లెక్క కాదు.