ఖాళీ వ్యాగన్‌లో చూమ్ దాకా

"గోడకు ఆనుకోకు, అన్నా! ఇప్పుడు లాగుతుంది!"

ఆ మాట పూర్తికాకముందే ముందెక్కడో ఇనుము ఇనుముకు కొట్టుకుంది. ఆ దెబ్బ వ్యాగన్ వెంట వ్యాగన్ దాటుకుంటూ వచ్చి కాళ్లకింద పేలింది. బియ్యం బస్తాలు ఒరిగాయి. మేకలు అరిచాయి. బండి కదిలింది.

మారిటానియాలో నువాదిబూ రేవు నుంచి సహారాలోకి ఇలా సరుకు తీసుకెళ్లే చిల్లర వర్తకులు ఎందరో. ఇది వాళ్లలో ఎవరి రాత్రయినా కావచ్చు.

ఈ లైను మనుషుల కోసం వేసింది కాదు. జువెరాత్ గనుల ఇనుప ఖనిజాన్ని సముద్రానికి చేర్చడానికి 1963లో మొదలైంది. పొడవు 704 కిలోమీటర్లు. బండే రెండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. ఖనిజం దించి ఖాళీగా గనులకు మళ్లే వ్యాగన్లలో జనం ఎక్కుతారు, టికెట్ లేదు. లోపలి ఊళ్లకు బియ్యం, పిండి, చేపలు వెళ్లే దారుల్లో ఇదొకటి. దీన్ని సాహసయాత్రగా వీడియోలు తీసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మేకను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషికి ఇది ఇంటికి పోయే బండి, అంతే.

ఎండ తగ్గగానే ఒకతను బొగ్గుల కుంపటి రాజేశాడు. వ్యాగన్ గోడలు గాలిని కొంత ఆపుతాయి. పచ్చ తేయాకు, పుదీనా, దండిగా పంచదార. నురగ కట్టేదాకా గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి పోస్తూనే ఉంటాడు. మూడు విడతలు తాగాలి. మొదటి గ్లాసు చేదు, మూడోది తీపి. పక్కన కూర్చున్న కొత్త మనిషికి కూడా మూడూ ఇవ్వాల్సిందే.

తాగే నీళ్లు నమాజుకు ముందు కడుక్కునే వజూకు ఖర్చుపెట్టలేరు. సంచిలో తెచ్చుకున్న శుభ్రమైన ఇసుకతో తయమ్ముం చేసుకుని, ఊగే ఇనుప నేలమీదే నమాజుకు నిలబడ్డారు.

చీకటి పడ్డాక చలి. ఇనుప నేల మంచులా తగులుతుంది. అడుగున మిగిలిన ఖనిజపు దుమ్ము లేచి కళ్లలో పడుతుంది. తలపాగాతో ముక్కూ నోరూ బిగించుకుని, ఒకే దుప్పటి కింద ముగ్గురు ఒదిగారు.

అర్ధరాత్రి దాటాక చూమ్ స్టేషన్ వచ్చింది. "దించండి, త్వరగా!" ఒకరు పైనుంచి బస్తా జార్చితే కిందివాళ్లు అందుకున్నారు. పికప్ డ్రైవర్లు "అతార్! అతార్!" అని అరుస్తున్నారు. అతార్ పట్టణానికి ఇంకా 120 కిలోమీటర్లు. ఇక్కణ్నుంచి బస్తాకింత అని కిరాయి కట్టాలి. ఒక వర్తకుడు మేకను చంకలో పెట్టుకుని బేరం మొదలుపెట్టాడు.