ఎన్‌ఫీల్డ్ గొట్టంలో గాడులు

మనవాళ్ళకి ఎన్‌ఫీల్డ్ అనగానే గుర్తొచ్చేది బుల్లెట్ మోటార్ సైకిల్. ఆ బండికి పేరిచ్చిన ఊరు మా స్టాన్‌మోర్‌కి తూర్పున పన్నెండు పదమూడు మైళ్ళ దూరంలో, లీ నది ఒడ్డున ఉంది. అక్కడి ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసిచ్చే కాంట్రాక్టు రెడిచ్ పట్నంలోని ఒక కంపెనీకి దక్కింది. ఆ సంబరంలో వాళ్ళు తమ సైకిళ్ళకి రాయల్ ఎన్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకున్నారు. 1816లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 1988లో మూతపడింది. ఇప్పుడు ఆ స్థలంలో ఇళ్ళు కట్టేశారు.

నాకు ఆ చోటి మీద ఆసక్తి కలిగింది మాత్రం బండి వల్ల కాదు. మా మేనమామ కాకినాడలో ఆర్మ్‌డ్ రిజర్వ్ కానిస్టేబుల్‌గా పనిచేశారు. ఆయన భుజాన వేలాడిన త్రీ నాట్ త్రీ అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. ఆయన తుపాకి కాల్చిన కథలు ఎప్పుడూ చెప్పలేదు, తుడిచిన కథలే చెప్పేవారు. తుపాకి మడమలో ఇత్తడి మూత, దాని లోపల చిన్న నూనె బుడ్డి, ఒక చివర ఇత్తడి బరువు కట్టిన తాడు ఉండేవి. ఆ తాడుని ఇంగ్లీషులో ఏమన్నా, లైన్లలో అందరికీ అది ‘పుల్త్రూ’నే. నాలుగంగుళాలకి రెండంగుళాల గుడ్డపేలిక పేరు ‘చిందీ’. బరువుని వెనక నుంచి గొట్టంలోకి వదిలి, మూతి దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి. వంకరగా లాగితే తాడు రాసుకుని మూతి అంచు అరిగిపోతుంది, ఇక ఆ తుపాకి గురి కుదరదు. శుభ్రం చెయ్యడం రాని వాడి చేతిలో కాల్పుల కంటే ముందు తుడవడంతోనే తుపాకి పాడయ్యేదన్నమాట.

“ఒరే, నూనె రాసేస్తే సరిపోదురా, ముందు మరిగిన నీళ్ళతో కడగాలి” అనేవారు మామయ్య. ఇనుముకి నీళ్ళు పోయడమేమిటని నాకు ఆశ్చర్యం. మెకానికల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో బతుకుతున్న నాకు చాలా ఏళ్ళకి గాని దాని కెమిస్ట్రీ తెలియలేదు. ఆనాటి తూటా వెనక ఉండే క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది పేలాక గొట్టంలో మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన వంటింటి ఉప్పుకి తోబుట్టువు. వానాకాలంలో ఉప్పు డబ్బా ఎలా చెమరుస్తుందో మీకు తెలుసు. గొట్టంలోనూ అదే జరుగుతుంది, తెల్లారేసరికి తుప్పు. ఉప్పు నూనెలో కరగదు, నీళ్ళలోనే కరుగుతుంది. నీళ్ళు మరుగుతూ ఉంటే గొట్టం వేడెక్కి తనంతట తనే ఆరుతుంది. ఆ తరవాతే నూనె.

అంతకు ముందు తరం తుపాకులతో బాధ ఇంకా ఎక్కువ. నల్లమందు కాలితే అందులో సగానికి పైగా పొగగా పోకుండా మసిగా, గడ్డగా మిగులుతుంది. ఎన్‌ఫీల్డ్ 1853 నమూనా తుపాకి గొట్టం పొడవు 39 అంగుళాలు, లోపల మెలి తిరిగిన గాడులు మూడు. ఆ గాడులే గుండుని గింగిరాలు తిప్పి గురికి పంపేవి. కానీ గుండుని మూతి నుంచి కడ్డీతో దిగ్గొట్టాలి. నాలుగు సార్లు కాల్చేసరికి మసి పేరుకుని గుండు దిగనని మొరాయిస్తుంది. అందుకని తూటా కాగితానికి కొవ్వు పూశారు, ప్రతి గుండూ దిగుతూ మసిని మెత్తబరుస్తుందని.

ఆ కొవ్వు సంగతి మనందరం స్కూల్లో చదువుకున్నదే. 1857 జనవరిలో డమ్‌డమ్‌లో ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట పుట్టింది. కావాలంటే మీరే మైనం, నూనె పూసుకోండని సర్కారు ఆ నెలలోనే ఒప్పుకున్నా అప్పటికే నమ్మకం పోయింది. మే 10న మీరట్ లేచింది. ఢిల్లీ జనం ఆ సిపాయిలని ‘తిలంగాలు’ అన్నారు. వాళ్ళలో ఎక్కువమంది అవధ్, బీహార్ వాళ్ళే. వంద సంవత్సరాల ముందు మద్రాసు వైపు నుంచి బెంగాల్ వెళ్ళిన తొలి సిపాయిల వల్ల మన తెలుగు పేరు ఆ ఉద్యోగానికే అతుక్కుపోయింది.

పాఠ్యపుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. నాకు తరవాతి ముక్కే ముఖ్యమనిపిస్తుంది. తిరుగుబాటు అణిచాక భారతీయ పటాలాలకి ఇచ్చే ఎన్‌ఫీల్డులలో గాడులని తొలిచి పారేశారు. దూరాన్ని బట్టి జరుపుకునే గురిపలక తీసి కదలని గురి పెట్టారు. చూడ్డానికి అదే తుపాకి, కాలిస్తే పాత మస్కెట్టే. తెల్ల సోల్జరుకి వందల గజాల అవతల తగిలేది, మనవాడికి వంద గజాలు దాటితే అదృష్టం. బయటి కొలత మార్చకుండా లోపల లోహం గీకేస్తే గోడ పలచబడుతుందని ఏ వర్క్‌షాప్ కుర్రాడైనా చెబుతాడు. గొట్టాలు ఉబ్బడం, పగలడం మొదలయ్యాక 1859లో మందమైన గొట్టంతో మరో నమూనా చేశారు. ఆ గొట్టంలో కూడా గాడులు లేవు.

ఇటు ఇంగ్లండ్‌లో ఆ గాడుల మీద ఎంత శ్రద్ధో చూడండి. 1888 నాటి లీ-మెట్‌ఫర్డ్‌లో ఏడు గాడులు, లోతు తక్కువ, అంచులు గుండ్రన. మసి పట్టకుండా, తుడవడానికి వీలుగా అలా మలిచారు. ఇంతలో లీ ఒడ్డునే ఉన్న వాల్తమ్ ఆబీ మందు కర్మాగారం నుంచి కార్డైట్ వచ్చింది. దాని వేడికి ఆ పల్చటి గాడులు అరిగిపోయాయి. 1895లో లోతైన అయిదు గాడులతో లీ-ఎన్‌ఫీల్డ్ తయారైంది.

మన మన్యంలో 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు వరసగా పట్టి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు తీసుకెళ్ళాడు. ఏమేం తీసుకున్నాడో స్టేషన్ రికార్డులో రాసి సంతకం కూడా పెట్టాడు. పోలీసు తుపాకి పోతే ఎలా అన్న భయం సర్కారుకి ఎప్పుడూ ఉండేదే. ఇషాపూర్ ఫ్యాక్టరీలో లీ-ఎన్‌ఫీల్డులని పోలీసుల కోసం పాయింట్ నాలుగు ఒకటి సున్నా మస్కెట్లుగా మార్చారు. గాడులు తొలిచి, తూటాల పెట్టెలో చెక్క దూర్చి, ఒక్కో తూటా చేత్తో పెట్టుకునేలా చేశారు. 1858లో చేసిన పనే మళ్ళీ చేశారు.

మామయ్య చేతికి స్వతంత్ర భారతంలో అయిదు గాడుల తుపాకే వచ్చింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరిలో త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పారు. మీరెప్పుడైనా మ్యూజియంలో ఎన్‌ఫీల్డ్ మస్కెట్ చూస్తే, పక్కనున్న చీటీ చదివే ముందు వీలైతే గొట్టం మూతిలోకి తొంగి చూడండి. గాడులున్నాయో లేవో తెలిస్తే, అది ఎవరి చేతికోసం తయారైందో చాలావరకు ఊహించవచ్చు.