ఖాకీ చొక్కా, నెమలి ఈకల టోపీ: ఆసిఫాబాద్ అడవుల్లో మనిషిని చూసి అంచనా వేసిన కథ

2020 అక్టోబర్ 22 గుర్తుందా? ఆ రోజు 'ఆర్ఆర్ఆర్' టీజర్ వచ్చింది. అందులో భీం పాత్ర తలమీద ఒక టోపీ కొన్ని క్షణాలు కనిపించింది. అంతే, మన ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు పెద్ద గొడవ. "మా భీం అట్ల ఉండడు" అన్నారు ఆదివాసులు. సినిమా వచ్చాక తెలిసింది, అది మారువేషం అని. కానీ ఒక్క టోపీకి అంత కోపం ఎందుకొచ్చింది? అది తెలియాలంటే ఎనభై ఏళ్లు వెనక్కి పోవాలి.

నిజాం కాలంలో ఇక్కడి గోండు గూడేల్లో మనిషి మొహం కంటే ముందు బట్టలు చూసేవాళ్లు. ఖాకీ కనిపించిందంటే ఫారెస్ట్ వాళ్లు వచ్చినట్టే. తరతరాలుగా సాగుచేసిన పోడు భూమి రిజర్వ్ ఫారెస్ట్ అని చెప్పి ఖాళీ చేయించడం, మామూళ్లు, వెట్టి, కొన్నిచోట్ల ఇళ్లు తగలబెట్టడం. ఇవన్నీ ఆ చొక్కాతోపాటే ఊళ్లోకి వచ్చేవి. కుమురం భీం ఆ భూముల కోసమే జోడేఘాట్‌లో నిలబడ్డాడు. 1940లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

ఆ తర్వాత, ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. 1940ల మొదట్లో ఈ ప్రాంతానికి వచ్చింది ఎవరంటే, వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ. ఇప్పుడు గూడెంవాళ్ల జాగాలో ఉండి చూడండి. తెల్ల తోలు, సర్కారు పంపిన మనిషి. మొన్ననే తుపాకులు పేలినయ్. మీరైతే నమ్ముతారా? మొదట్లో ఆయన్ని చూసి జనం అడవిలోకి తప్పుకునేవాళ్లని ఇక్కడ చెప్పుకుంటారు. అది అమాయకత్వం కాదు. అనుభవం నేర్పిన జాగ్రత్త.

మరి ఆ అభిప్రాయం ఎట్ల మారింది? ఒక నవ్వుతోనో, ఒక నమస్కారంతోనో మారలేదు. ఇద్దరూ మార్లవాయిలో గడ్డి కప్పిన మట్టి ఇంట్లో కాపురం పెట్టారు. ఆయన గోండి నేర్చుకున్నాడు. 1943లో అదే ఊళ్లో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన సర్కారుకు రాసిన రిపోర్టులు, ఇచ్చిన సలహాల వల్ల వేలమందికి భూమి పట్టాలు వచ్చాయి. మనిషి రూపం మారలేదు, అదే తెల్ల దొర. కానీ ఆ రూపం వెనకాల ఏముందో ఊరు ఏళ్ల తరబడి చూసింది. 1987లో బెట్టీ చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో కన్నుమూసిన ఆయన చితాభస్మం కూడా తర్వాత ఆమె పక్కకే చేరింది. ఆ ఊళ్లో పిల్లలకు వాళ్ల పేర్లు పెట్టుకున్నారు కూడా.

ఇప్పుడు అదే మార్లవాయి నుంచి ఇంకో మనిషి. కనకరాజు. మామూలు రోజుల్లో తెల్ల బట్టలు, సాదా సీదా ముసలాయన. బస్సులో మీ పక్కన కూర్చుంటే ఫోన్‌లోంచి తల కూడా ఎత్తరేమో. దీపావళి దగ్గరపడి దండారి మొదలైందంటే గుస్సాడీ వేషం కడతారు. తలమీద నెమలి ఈకల టోపీ, ఒంటికి బూడిద, కాళ్లకు గజ్జెలు. ఆ వేషం కట్టినవాళ్లను ఊరు దేవుడితో సమానంగా చూస్తుంది. అందుకే నియమాలు కూడా కఠినంగానే ఉంటాయి. దండారి ముగిసేదాకా స్నానం చేయరు. టోపీ తెచ్చే గౌరవానికి తగ్గట్టు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉండాలి. ఆ గుస్సాడీ నాట్యాన్ని ఎంతోమందికి నేర్పినందుకు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబర్‌లో ఆయన చనిపోయారు.

చూశారా? ఖాకీ చొక్కా భయం తెచ్చింది, నెమలి టోపీ భక్తి తెచ్చింది. రెండింటి వెనకా ఆ బట్టలు వేసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి చేసిన పనులున్నాయి. టీజర్‌లో టోపీ చూసి కోపమొచ్చింది కూడా అందుకే. ఇక్కడ వేషం అంటే ఒట్టి బట్టలు కాదు, ఎవరి మనిషివో చెప్పే గుర్తు.

అయితే గోండులు ఖాకీని చూసి భయపడటానికి వాళ్లకు కారణం ఉంది. మరి ఇవాళ ఆసిఫాబాద్ బస్టాండ్‌లో పాత ధోతి, తలపాగా కట్టుకున్న పెద్దమనిషిని చూసి "ఏయ్, జరుగు" అంటామే, మనకేం కారణం ఉంది? ఆయన మనల్ని ఏం చేశాడు? ఈసారి ఆ మాట నోటిదాకా వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగండి. "పెద్దాయనా, ఏ ఊరు?" అని అడగండి. మార్లవాయి అని చెప్పొచ్చు.

ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.